తలా ఒక మునక

ఆ ఆదివారం పొద్దున సూర్యప్రకాశం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. వచ్చే ఆదివారం తెల్లవారకముందే ఇంటికి తాళం వెయ్యాలి. పాత శిష్యుడు ఉదయ్‌భాస్కర్ జీపులో కోరుకొండ అవతలకు వెళ్లాలి. అక్కడ ఎన్నో ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని ఒక రాతి క్వారీ గుంట నీళ్లతో నిండి ఉంది. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని అందులోకి దిగి, ఓ అరగంట అడుగున కూర్చుని, మధ్యాహ్నం భోజనాల వేళకు రాజమండ్రి వచ్చెయ్యాలి. ఈ సంగతి వాళ్లిద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియనక్కర లేదు.

యాభై దాటిన సైన్సు మాస్టారికి నీళ్ల అడుగున ఏం పని అంటే, దానికో కారణం ఉంది. ఆయన భార్య సీతారామలక్ష్మి మాఘమాసంలో పోయింది. అప్పటినుంచి ఆర్యాపురంలో ఆయన్ను ఎవరూ ఒంటరిగా వదల్లేదు. బడికి వెళుతుంటే రిక్షా ఆపి బుల్లియ్య అడిగేవాడు, "తిన్నారా మాస్టారూ?" బడిలో అటెండరు అప్పారావు అదే మాట అడిగేవాడు. గుడిముందు పూలమ్మే వీరవేణి అడిగేది. పక్కింటి అచ్చాయమ్మ అడగడంతో ఆగక రాత్రిపూట క్యారియరు పంపేది. తినలేదంటే పిలిచి పెడతారు. తిన్నానంటే ఏం తిన్నారని అడుగుతారు. వీళ్లలో ఒక్కరైనా చెడ్డవాళ్లయితే కసురుకునేవారే. అందరూ మంచివాళ్లు కావడమే చిక్కైంది.

ఉదయ్‌భాస్కర్ కూడా మొదట పరామర్శకే వచ్చాడు. అతను విశాఖలో డైవింగు నేర్చుకుని, వంతెనల స్తంభాలు నీటి కింద ఎలా ఉన్నాయో చూసి చెప్పే కంపెనీలో పనిచేస్తున్నాడు. పాపం, పరామర్శ ఎలా చెయ్యాలో అతనికి తెలియలేదు. కాసేపు కాళ్లవంక చూసుకుని, తనకు తెలిసిన విషయం ఎత్తాడు. "కింద ఎవరూ మాట్లాడరు మాస్టారూ. మాట్లాడినా వినబడదు."

మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "నాకు వస్తుందంటావా?" అని అడిగారు.

దసరా సెలవుల్లో కడియంలో ఉదయ్‌భాస్కర్ వాళ్ల నర్సరీ బావిలో పాఠాలు అయ్యాయి. శిష్యుడు గురువుకు ఊపిరి తీసుకోవడం నేర్పాడు. ఇక అసలైన నీళ్లలోకి దిగాలి. గోదావరిలో దిగితే మన చెయ్యి మనకు కనబడదు. సముద్రం దగ్గర జనం. అందుకని శిష్యుడు తను తిరుగుతూ తిరుగుతూ కనిపెట్టిన మూడు చోట్లు చెప్పాడు. ఒకటి ఈ క్వారీ గుంట. రెండోది మారేడుమిల్లి పైన అడవిలో ఒక వాగు మడుగు. మూడోది ఆ మడుగుకు ఇంకా పైన. అన్నీ తేటనీళ్లు, అన్నీ చల్లనివి, ఏ ఒక్కటీ ఎవరికీ పెద్దగా తెలియనివి.

"అడుగున ఐసులా ఉంటుందండి. మా బావిలా కాదు," అని హెచ్చరించాడు ఉదయ్‌భాస్కర్. ఈ వారం రోజులూ తెల్లవారుజామునే చన్నీళ్లు పోసుకుని ఒంటికి అలవాటు చెయ్యమన్నాడు. రాత్రిపూట భోజనం మాని ఫలహారంతో సరిపెట్టమన్నాడు. కాఫీ వద్దన్నాడు. చాపమీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, నిదానంగా ఊపిరి తీసి వదలమన్నాడు. నల్లటి రబ్బరు సూటు ఒకటి ఇచ్చి, కొత్తవాసన పోవడానికి ఒకసారి తడిపి ఆరవెయ్యమని చెప్పి వెళ్లాడు. మాస్టారు చెప్పింది చెప్పినట్టు చేశారు. ఆయనకు మంచి విద్యార్థులంటే ఇష్టం. తానూ అలాగే ఉండాలనుకున్నారు.

అది కార్తీకమాసమన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

మరునాడు తెల్లవారుజామున అచ్చాయమ్మ తులసికోట దగ్గర దీపం పెట్టడానికి లేచేసరికి గోడ అవతల నూతి గట్టుమీద మాస్టారు చేదతో చన్నీళ్లు తోడి నెత్తిన పోసుకుంటున్నారు. మరి కాస్త వెలుతురు వచ్చాక చూస్తే ఆయన పెరట్లో దండెంమీద నల్లబట్టలు ఆరుతున్నాయి. రాత్రి క్యారియరు పంపితే, ఈ వారం రాత్రి భోజనం లేదని తిరిగి వచ్చింది. ఏమైందో కనుక్కుందామని కిటికీలోంచి చూస్తే మాస్టారు చాపమీద పడుకుని కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టి వదులుతున్నారు. ఆ నెలలో రాజమండ్రిలో ఏ వీధిలో చూసినా నల్లబట్టల స్వాములే. ఇంక ఎవరూ ఆవిడకు విడమరిచి చెప్పక్కరలేకపోయింది.

"మన మాస్టారు మాల వేశారు," అని ఆవిడ ఎదురింటి చంద్రరావుతో అంది.

చంద్రరావు కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఏటా కార్తీకంలో వీధి వీధినంతా వ్యానెక్కించి అన్నవరం తీసుకెళ్లి తీసుకురావడం ఆయన బాధ్యత. అందువల్ల ఇలాంటి విషయాల్లో ఆయనకో మాట ఉంటుంది. "ఏడాది తిరక్కుండా మాలేంటండి? ఎవరు వేశారు?" అని కండువా భుజాన వేసుకుని మాస్టారింటికి వచ్చాడు.

సూర్యప్రకాశం మాస్టారు క్లాసులో ఒక్క మాట ఎక్కువ వాడరు. ఇంటికి వచ్చినవాళ్ల దగ్గరా అంతే.

"మాల వేశారటగా మాస్టారూ?"

"లేదండి."

"మరి తెల్లారగట్ల ఆ చన్నీళ్లేంటి?"

"ఆదివారం చల్లటి నీళ్లలో మునగాలండి. అలవాటుకని."

"ఎక్కడ?"

"కోరుకొండ అవతల. ఎవరికీ పెద్దగా తెలియని చోటు."

చంద్రరావు గొంతు తగ్గించాడు. "మీకెలా తెలిసిందండి?"

"ఒకాయన తిరిగి తిరిగి కనుక్కున్నారు. ఎలా మునగాలో కూడా ఆయనే నేర్పారు. మిగతా రెండూ చెబితే జనం పోగవుతారని చెప్పడం లేదు."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. చంద్రరావు లేచి నిలబడి, వచ్చినప్పుడు భుజాన ఉన్న కండువా నడుముకు కట్టుకుని, ఇంకేమీ అడక్కుండా వెళ్లిపోయాడు. సాయంత్రానికి వీధిలో అందరికీ తెలిసింది. మాస్టారికి గురువు దొరికారు. గురువు రహస్యమైన తీర్థం ఒకటి చూపించారు. మరి రెండున్నాయి కానీ అవి అప్పుడే చెప్పరు.

ఆ వీధి ఈ మాట అంత త్వరగా నమ్మడానికి కారణం లేకపోలేదు. ఆ ఏడే పుష్కరాలు వచ్చి వెళ్లాయి. పన్నెండేళ్లు ఎదురుచూసిన ఆర్యాపురం వాళ్లకు, ఊళ్లోవాళ్లయి ఉండీ రేవులో సరైన చోటు దొరకలేదు. బుల్లియ్య మెట్ల దాకా వెళ్లి జనం తోపుడుకు మునగకుండానే ఒడ్డుకు వచ్చి పడ్డాడు. అచ్చాయమ్మ సంగతి మరీ అన్యాయం. పక్కన ఒక భారీ మనిషి మునిగితే లేచిన నీళ్లు ఆవిడ నెత్తిన పడ్డాయి; అదే స్నానమని అందరూ కలిసి ఆవిడను ఒప్పించి తీసుకొచ్చారు. ఆవిడ పైకి ఒప్పుకుంది.

అందుకే బుధవారం పొద్దున్నే గోడ దగ్గరికి వచ్చి మాస్టారిని పిలిచింది.

"మునగబోతున్నారటగా. మా ఆయన పేరున ఒక మునక వేస్తారా మాస్టారూ? పుష్కరాల్లో వేద్దామనుకున్నాను. నా మునకే నాకు దక్కలేదు."

తీర్థానికి వెళ్లేవాళ్లను తమ పేరున, తమవాళ్ల పేరున ఒక మునక వెయ్యమని అడగడం ఆ ప్రాంతంలో ఎప్పటినుంచో ఉన్నదే. వెళ్లేవాళ్లు కాదనరు. అది తీర్థం కాదు, రాళ్లు కొట్టగా మిగిలిన గొయ్యి అని చెప్పడానికి మాస్టారు నోరు తెరిచారు. అచ్చాయమ్మ గోడమీద రెండు చేతులూ ఆనించి చూస్తోంది. ఆవిడ భర్త చిట్టియ్య పోయి చాలా ఏళ్లయింది. ఆయన గురించి ఆవిడ ఒక్కసారైనా మాట్లాడగా మాస్టారు వినలేదు.

"అలాగేనండి," అన్నారు మాస్టారు. ఆ వారం ఆయన చేసిన పొరపాటు అదొక్కటే.

తరువాత వీరవేణి తమ్ముడి పేరు చెప్పి వెళ్లింది. అప్పారావు బెల్లు కొట్టడం కూడా మరిచి స్టాఫురూం గుమ్మంలో నిలబడి తల్లి పేరు చెప్పాడు. బుల్లియ్య రిక్షా ఆపి, చచ్చిపోయినవాళ్లే కావాలా, బతికున్నవాళ్లకు పనికిరాదా అని అడిగి, పనికొస్తుందన్నాక తన పేరే చెప్పుకున్నాడు. కొందరు నీళ్లలో వెయ్యమని రూపాయి బిళ్లలిచ్చారు. కొందరు తీర్థం పట్టుకురమ్మని రాగిచెంబులిచ్చారు. మాస్టారు అన్నీ తీసుకుని, పేర్లు మనసులో పెట్టుకున్నారు. క్లాసులో పిల్లలందరి పేర్లూ చూడకుండా పిలవగలిగిన మనిషికి అది కష్టం కాదు. గురువారం రాత్రి అటుకులు తింటూ ఆయన ఒక విషయం గమనించారు. ఆ వారంలో ఎవరూ ఆయన్ను తిన్నారా అని అడగలేదు. వస్తున్నారు, తమ మాట చెప్పుకుంటున్నారు, వెళుతున్నారు.

శుక్రవారం చంద్రరావు మళ్లీ వచ్చాడు. ఇందరి భారం మీమీద వెయ్యడం భావ్యం కాదండి, మేమే వస్తాం, అన్నవరం వ్యాను ఈసారి కోరుకొండకు తిప్పాను అన్నాడు. ఇంక ఊరుకుంటే లాభం లేదని మాస్టారు చంద్రరావును వెంటబెట్టుకుని పురోహితులు సోమయాజులుగారి దగ్గరికి వెళ్లారు. శాస్త్రం తెలిసిన మనిషి ఒక్క మాటంటే అంతా ఆగిపోతుందని ఆయన ఆశ.

"అయ్యా, అది క్వారీ గుంట. అక్కడ దేవుడు లేడు. గుడి లేదు. వాననీళ్లు నిలిచాయి, అంతే," అని సూటిగా చెప్పారు.

సోమయాజులుగారు పొడుం పీల్చి ఆలోచించారు. "రాయి ఉందా?"

"అంతా రాయేనండి."

"నీళ్లున్నాయి. కార్తీకం. ఇంకేం కావాలి?"

భార్య పోయి ఏడాది తిరగని మైల మాటేమిటని చంద్రరావు అడిగాడు. ఆయన తన కోసం కాక పరులకోసం మునుగుతుంటే ఏ శాస్త్రమూ అడ్డురాదని, వస్తే తాను చూసుకుంటానని సోమయాజులుగారు అభయమిచ్చారు. పోతే, వినికిడిని బట్టి మాస్టారు మునిగి అరగంట కిందే ఉంటారట, అదెంతవరకు నిజమని ఆయనే అడిగారు. నిజమేనన్నారు మాస్టారు.

"అలా కుదరదు. మునక అంటే మునగాలి, లేవాలి. అరగంట ఉన్నా అది ఒక మునకే. అందరికీ కలిపి ఒకటే అంటే ఎవరికి చెందినట్టు? తలా ఒకటి వెయ్యాలి."

శనివారం సామాను సర్దడానికి వచ్చిన ఉదయ్‌భాస్కర్‌కు వీధి మొదట్లోనే ముగ్గురు దండం పెట్టారు. ఒకావిడ కాళ్లు పట్టుకోబోయింది. అతను కంగారుగా లోపలికొచ్చి తలుపు వేశాడు.

"మాస్టారూ, అది క్వారీ. తీర్థమని చెప్పారా మీరు?"

"నేను చెప్పలేదు."

"కాదని చెప్పారా?"

మాస్టారు చెంబులు ఒక పక్కకు సర్దారు. అచ్చాయమ్మగారు అడిగారోయ్ అన్నారు. శిష్యుడు ఆ చెంబులవంక చూశాడు. పదేపదే దిగడం, లేవడం చెవులకు మంచిది కాదన్నాడు. చివరికి ఒడ్డున మెడలోతు నీళ్లలో అందరి మునకలూ వేశాక, అప్పుడు అడుగుకు దిగేటట్టు రాజీకి వచ్చారు. అప్పటికి ఒంట్లో వేడి మిగిలితే, అన్నాడు శిష్యుడు.

ఆదివారం చీకటి విడుతుండగా జీపు ముందు, వ్యాను వెనక కోరుకొండ దాటాయి. కొండమీది గుడి కనబడగానే వ్యానులోంచి గోవిందనామాలు వినిపించాయి. క్వారీ గుంట చూసి ఎవరూ నిరుత్సాహపడలేదు. మూడువైపులా నిలువుగా కోసిన రాయి, మధ్యలో కదలని పచ్చటి నీళ్లు, ఒకవైపు బండ్లు దిగడానికి చేసిన ఏటవాలు. ఇంత మంచి రేవు గోదావరిలో కూడా లేదని చంద్రరావు అన్నాడు. ఆడవాళ్లు అరటిదొప్పల్లో ఒత్తులు సర్దారు. ఎవరో పొయ్యి రాజేశారు.

మాస్టారు రబ్బరు సూటు తొడుక్కుని జీపు చాటునుంచి వచ్చారు. సోమయాజులుగారు ఎగాదిగా చూసి, పంచె లేనిదే ఎలాగన్నారు. సూటు మీదనే పంచె కట్టారు. అచ్చాయమ్మ సిలిండరుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. చంద్రరావు, కొత్త బండి చక్రాల కింద పెట్టినట్టు, మాస్టారి కాళ్లకు తొడిగిన రబ్బరు రెక్కల కింద రెండు నిమ్మకాయలు పెట్టి తొక్కమన్నాడు. ఆయన పడకుండా ఉదయ్‌భాస్కర్ రెండు భుజాలూ పట్టుకున్నాడు. జీవితంలో ఎన్నో డైవింగులు చేశాను గానీ నీళ్లలో దిగకముందే ఇంత ప్రమాదం ఎప్పుడూ చూడలేదండి అని గొణిగాడు.

మెడలోతు నీళ్లలోకి వెళ్లేసరికి మాస్టారికి పళ్లు టకటకమన్నాయి. ఒడ్డున అచ్చాయమ్మ నిలబడి ఒక్కొక్క పేరూ పిలిచింది. "అప్పారావు తల్లి." మాస్టారు మునిగి లేచారు. "వీరవేణి తమ్ముడు." మునిగి లేచారు. ఎన్నో ఏళ్లుగా హాజరు పిలిచిన మనిషి ఆ రోజు అందరి తరఫునా హాజరు పలికారు. "బుల్లియ్య" అన్నప్పుడు బుల్లియ్య ఒడ్డున చేతులు జోడించి, పుణ్యం సరిగా తగులుతుందో లేదోనని తను కూడా తల వంచాడు. "చిట్టియ్య" అని అచ్చాయమ్మ రెండుసార్లు పిలిచింది. మాస్టారు ఆ మునకలో మిగతావాటికంటే కాస్త ఎక్కువసేపు ఉన్నారు.

పేర్లు అయిపోయాయి. ఉదయ్‌భాస్కర్ గాలిగొట్టం అందించాడు. ఇంక తన అరగంట మిగిలింది. మాస్టారు మాస్క్ సవరించుకుంటుండగా అచ్చాయమ్మ ఏటవాలు మీద ఇంకో రెండడుగులు దిగి, చీర అంచు తడుస్తున్నా పట్టించుకోకుండా అంది.

"ఇంకొకటి ఉంది బాబూ. మా సీతారామలక్ష్మిది. నువ్వు చెబుతావేమోనని వారం నుంచీ చూస్తున్నాను. అది మాత్రం నీ ఇష్టం వచ్చినంతసేపు ఉండు."

సోమయాజులుగారు అభ్యంతరం చెప్పలేదు.

మాస్టారు దిగారు. పక్కన చెయ్యి పట్టుకుని ఉదయ్‌భాస్కర్ దిగాడు. కిందకు వెళ్లేకొద్దీ నీళ్లు చల్లబడి, ఒకచోట దుప్పటి లాగేసినట్టు ఒక్కసారిగా మరీ చల్లబడ్డాయి. అడుగున రాతి అరుగు ఒకటి ఉంది. దానిమీద కూర్చున్నారు. శిష్యుడు చెప్పింది నిజమే. అక్కడ ఎవరూ మాట్లాడలేదు. తన ఊపిరి లోపలికి వెళుతున్న చప్పుడు, బయటికి వస్తున్న బుడగలు. ఇన్ని నెలలుగా ఆయన కోరుకున్నది అదే. తిన్నారా అని అడిగేవారు లేరు.

లక్ష్మి కూడా అడగలేదు. ఆ ప్రశ్న అసలు ఆవిడది. బడినుంచి రాగానే, జీతం గురించో ఎండ గురించో కాక, బాక్సులో పెట్టింది తిన్నారా అని అడిగేది. ఆవిడ పోయాక ఆ ఒక్క ప్రశ్నను వీధి మొత్తం పంచుకుని అడుగుతోంది. ఈ మాట పైన ఉన్నప్పుడు ఆయనకు తట్టలేదు.

తల ఎత్తి చూశారు. రాతిగోడల నీడలో ఇంకా పూర్తిగా తెల్లవారని నీళ్లమీద, పైన ఎక్కడో, చిన్న చిన్న దీపాలు కదులుతున్నాయి. ప్రతి కార్తీకం కోటిలింగాల రేవులో లక్ష్మి దీపాలు వదిలేది. ఆయన మెట్లమీద ఆవిడ చెప్పులకు కాపలా ఉండేవారు, ఒక్కసారి కూడా పాదం తడుపుకోలేదు. నీళ్లమీద దీపం కిందనుంచి ఎలా ఉంటుందో ఆయనా చూడలేదు, ఆవిడా చూడలేదు. చాలా బాగుంది. చెప్పడానికి పక్కకు తిరిగారు. ఉదయ్‌భాస్కర్ మాస్క్ లోంచి బాగున్నారా అన్నట్టు చూశాడు. మాస్టారు బొటనవేలు పైకెత్తారు. వాళ్ల విద్యలో దానికి పైకి వెళదామని అర్థం.

ఆయన తల నీళ్లపైకి వచ్చేసరికి ఒడ్డున, పొయ్యి దగ్గరివాళ్లతో సహా, బుడగలవంక చూస్తూ అందరూ నిలబడిపోయి ఉన్నారు. అచ్చాయమ్మే ముందు తేరుకుంది.

"ఆకలేస్తోందా బాబూ?"

అలవాటు ప్రకారం ఫరవాలేదండి అనబోయి ఆగారు. "వేస్తోందండి," అన్నారు. "చాలా."

ఉప్మా ఆకులో పెట్టారు. పులిహోర పెట్టారు. బూరెలు ఎవరు తెచ్చారో ఎవరికీ తెలియదు. వణుకుతూ, తడిపంచెతో బండమీద కూర్చుని, మాస్టారు మారు అడిగి వడ్డించుకుని తిన్నారు. అచ్చాయమ్మ పక్కన కూర్చుని విసనకర్ర ఒక్కటే తక్కువన్నట్టు ఆయన తింటుంటే చూసింది. చంద్రరావు చెంబులన్నీ నింపించాడు. సోమయాజులుగారు, ఎవరూ అడక్కపోయినా, నీళ్లు రుచి చూసి చాలా బాగున్నాయని నిర్ధారించారు.

తిరుగు ప్రయాణంలో జీపులో ఇద్దరే ఉన్నారు. ఉదయ్‌భాస్కర్ సిలిండరులో సగానికి పైగా గాలి మిగిలిపోయిందని బాధపడ్డాడు. అద్దంలో వెనక వస్తున్న వ్యానును ఒకసారి చూసుకుని, లోపల తాము తప్ప ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించాడు.

"వచ్చే నెల మారేడుమిల్లి మడుగుకు వెళదాం మాస్టారూ. మనిద్దరమే. ఈసారి చన్నీళ్లు మా ఇంట్లో పోసుకోండి. ఎవరికీ తెలియనక్కరలేదు."

మాస్టారు కూడా అద్దంలో వ్యానును చూసుకున్నారు.

"అచ్చాయమ్మగారికి చెప్పకపోతే బాగుండదోయ్," అన్నారు.

ఆవిడకు చెబితే ఇంకెవరికీ విడిగా చెప్పనక్కర లేదని ఆయనకు తెలుసు.